పడుగు ఆటోల, పెద్దమ్మ అరుగు మీద

మా గుట్ట అంటుకున్న దినం ఫారెస్టోళ్లు రోడ్డు మీద ఆటోను ఆపి "దుప్పటి కింద ఏముంది?" అని అడిగితె, లింగస్వామి కండ్లల్ల నీళ్లు తెచ్చుకొని "మా అమ్మ సారూ, పానం బాగలేదు, జర కదిలినా పోతది" అన్నడట. ఫారెస్టాయిన టోపి తీసి, పక్కకు జరిగి తొవ్వ ఇచ్చిండట. దుప్పటి కింద ఉన్నది అమ్మ గాదు, చీరె పడుగు. లింగస్వామి వాళ్లమ్మ పోయి పదకొండేండ్లాయె. ఆమె దినాలకు గారెలు గాల్చింది నేనే.

గీ ముచ్చట నిజమో అబద్దమో ఇంతవరకు ఎవ్వలు తేల్చలే. ఆటో తోలిన మహేష్‌ను అడిగితె నవ్వుతడు, మల్ల నవ్వు ఆపి ఇంకో దిక్కు సూస్తడు. గా ఫారెస్టాయినకు బదిలీ అయ్యింది. నేనైతె ఇరవైమందికి చెప్పిన, ఇరవైమందికి ఇరవై తీర్ల చెప్పిన. ఒకరిద్దరికి, లింగస్వామి గా దుప్పటి ఎత్తి చెంచతోని నీళ్లు గూడ పోసిండని చెప్పిన. చెంచ ఒక్కటి నేను కలిపిందే, ఒప్పుకుంట.

ఇగ మిగతాది నేను కలిపింది గాదు. నా కండ్లతోని సూసిన. సూడకపోతె మంచిగుండు.

మా ఊరు బోడగుట్టపల్లి. దేవరకొండ నుంచి అడివి దిక్కు పోతుంటె రోడ్డుకు ఎడమ పక్క గుట్ట, గుట్ట కింద మేము. పేరుకు బోడగుట్ట గని దాని నిండ నడుమెత్తు గడ్డి. వానకాలం పచ్చగ ఉంటది, ఎండకాలం అగ్గిపెట్టె లెక్క తయారయి కూసుంటది. ఊర్లె సాలోళ్ల ఇండ్లు ఒకప్పుడు నలభై ఉండె, ఇప్పుడు మగ్గం ఆడేది ఏడిండ్లల్లనే. మిగిలినోళ్లు పట్నంల బట్టల షాపులల్ల, అపార్ట్‌మెంట్ల గేట్ల కాడ ఉన్నరు. గా ఏడిండ్లల్ల పెద్ద పనోడు లింగస్వామి.

ఆయన పనితనం గురించి మాత్రం నేను పెంచి చెప్పాల్సిన పని లేదు. పదేండ్లప్పుడు మగ్గం గుంతల కాళ్లు వెట్టిండు, ఇప్పుడు యాభై నాలుగు, ఇంకా కాళ్లు బయటికి తియ్యలే. ఆయన నేసేది చిటికి చీరెలు. అంటె నేసినంక పూలు గుద్దుడు గాదు. దారం దారంగ ఉన్నప్పుడే కట్లు గట్టి, రంగుల ముంచి, కట్లు ఇప్పి మల్ల గట్టి, ఏ దారం మీద ఏ జాగాల ఏ రంగు రావాల్నో ముందే తయారు జేస్తరు. మగ్గం మీద నిలువుగ గుంజి గట్టిన దారాలు పడుగు, అడ్డంగ పోయే దారం పేక. రెండిట్ల రంగులు ఒకదాని మీద ఒకటి వచ్చి కూసుంటెనే ఏనుగు ఏనుగు లెక్క కనవడ్తది. గింజంత జరిగిందనుకో, ఏనుగుకు కుక్క తల వస్తది. లింగస్వామి ఏనుగులకు ఎన్నడు కుక్క తలలు రాలే.

ఆయనకు ఇంకో పిచ్చి ఉండె. మైకు. గ్రామపంచాయతి మైకుల ఏం చెప్పాలన్నా లింగస్వామే. నల్ల రాదని చెప్పమంటె, నల్ల ఎందుకు రాదు, నీళ్లు ఎట్ల పొదుపు జెయ్యాలె, ఎనుకట మనుషులు ఎట్ల బతికిన్రు, అన్ని చెప్పి, ఆఖరికి నల్ల ఏ దినం రాదో చెప్పుడు మర్సిపోతడు. తెలంగాణ వచ్చిన దినం ఆయన మైకుల ఒర్రిన ఒర్రుడుకు మా బర్రె మూడు దినాలు పాలియ్యలే.

ఆయన ఇంటికి నాలుగిండ్ల అవతల నర్సింగమ్మ ఉంటది. డెబ్బై ఆరేండ్లు. మొగడు పోయిండు, పిల్లలు లేరు, మోకాళ్లు పోయినయి. గోడ పట్టుకొని అరుగు దాక వస్తది, గంతే. గని చేతులు పోలే. ఆమె ఆసు పోస్తది. పేక దారాన్ని చిటికి గట్టే ముందు, కర్ర చట్టానికి ఇటు ఒక గుబ్బ, అటు సగం చందమామ తీర్ల వరస మేకులు, దారం పట్టుకొని చెయ్యి ఇటుకెల్లి అటు, అటుకెల్లి ఇటు. ఒక్క చీరెకు గట్ల వేల మాట్ల తిప్పాలె. నర్సింగమ్మ చెయ్యి తిరిగిన దూరం కొలిస్తె కాశికి పోయి రావచ్చు, నడుమల తిరుపతి గూడ సూసుకొని. లింగస్వామికి చిన్నప్పటి సంది ఆమెనే ఆసు. "పెద్దమ్మ పోసిన దారం తూకం ఏసినట్టు ఉంటది, ఇంకొగలది నా చేతి ఏళ్లకు ఆనది" అనేటోడు. గది ఊరంత ఎరుకే.

ఇగ మంట ముచ్చట.

రెండేండ్ల కింద, ఉగాది పోయిన వారానికి. పొద్దుగాల పదిగొట్టంగ గుట్ట అవతల పొగ లేసింది. ఎవలు అంటువెట్టిన్రో దేవునికెరుక. ఇప్పపువ్వు ఏరుకునేటోళ్లంటరు, బీడి అంటరు, మేకలోళ్లంటరు. జర సేపటికి ఫారెస్టాయిన బండి మీద ఉరికొచ్చిండు. "గాలి ఇటే కొడ్తాంది. రెండు గంటలల్ల గుట్ట దిగుతది. ఊరు ఖాళీ జెయ్యాలె, రోడ్డు అవతల స్కూలుకు పోవాలె. ముసలోళ్లను ముందు పంపుండ్రి" అన్నడు. అనుడే ఆలిశెం, లింగస్వామి మగ్గం కెల్లి లేసి వచ్చి మైకు పట్టిండు.

నాకు గా మాటలు ఇప్పటికి చెవులల్ల ఉన్నయి.

"ఊరి ప్రజలకు మనవి! ఎవ్వలు ఫికర్ జెయ్యొద్దు, నేనున్న! గ్యాసు సిలిండర్లు బయటెయ్యుండ్రి. గొడ్ల తాళ్లు ఇప్పుండ్రి, కట్టేసి పోతె పాపం తగుల్తది. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, పాసుబుక్కు ఒక్క సంచిల వెట్టుండ్రి. ఇంటి పక్క గడ్డివాము ఉంటె గుంజిపారెయ్యుండ్రి. ముసలోళ్లు మాత్రం ఎవ్వలు నడవొద్దు! మంచిగ సంచి ఒళ్లె వెట్టుకొని ఎవలి అరుగు మీద వాళ్లు కూసోండ్రి. మహేష్ ట్రాలీ ఆటో ఇంటింటి ముంగటికి వస్తది. ముందుగాల మనుషులు, తర్వాతనే సామాను! ఎవలన్న సామాను ఎక్కిస్తె మాత్రం మర్యాద దక్కది, ముందే చెప్తున్న!"

మూడు మాట్ల చెప్పిండు. మూడో మాటు గొంతు గూడ బొంగురు పోయింది పాపం.

ఇగ సూడాలె మా ఊరోళ్ల ఆగమాగం. సైదమ్మ మిక్సీ గిన్నెలు మూడు పట్టుకొని ఉరికింది, మిక్సీ ఇంట్లనే ఇడిసింది. ఒకాయిన టీవీ ఎత్తుకున్నడు, ఎనుక వైరు ఈడ్సుకుంట, వైరు ఎంబడి కోడిపిల్లలు. ఒకామె పెండ్లినాటి ఇత్తడి బిందెల పాసుబుక్కు వెట్టి, నీళ్లు దొరకవని గదే బిందెల నీళ్లు నింపుకున్నది. నేనేం తెచ్చుకున్నననేది తర్వాత చెప్త.

మైకు కాడికెల్లి లింగస్వామి పాసుబుక్కు కోసం ఇంటికి పోయిండు. అర్ర తలుపు తీసిండు. మగ్గం మీద పడుగు కనవడ్డది. ఆయన పెండ్లాం గోపమ్మ తర్వాత నాకు చెప్పింది, "అక్కా, ఆయన మొఖం సూస్తె ఒక్కతీర్ల అయ్యింది, పెద్దపులిని సూసినట్టు."

రెండు చీరెల పడుగు అది. నాలుగు నెలల పని. ఒక చీరె సగం నేసి ఉండె. ఏనుగులు, చిలుకలు, అంచు పొంట మొగ్గలు.

"కత్తెర తెచ్చియ్యాల్నా? రెండు దిక్కుల గోసి చుట్టరాదు?" అన్నదట గోపమ్మ.

"నడి పడుగు కోస్తరానే ఎవలన్న? మా నాయిన సచ్చిన దినం గూడ మగ్గం మీద బట్ట గప్పినం గని పడుగు కొయ్యలే."

గది నిజమే. మా సాలోళ్లల్ల సగం నేసిన పడుగుకు కత్తెర పెట్టరు. ఇంటికి మంచిది గాదంటరు. పెండ్లయినా, సావైనా, పడుగు అట్లనే ఉంటది. కోస్తె ఇద్దరికి ఐదు నిమిషాల పని. లింగస్వామి కొయ్యలే. గుంతల దిగి, ఒక్కొక్క తాడు ఇప్పి, కర్రలతోని సహా, ఒక్క దారం ఒదులు గాకుంట మొత్తం పడుగును లేపుతా అన్నడు. గుట్ట మీద ఫటఫట మంటలు పేలుతున్నయి, ఈయిన ఇంట్ల గుంత మీద ఒంగి ముడులు ఇప్పుతాండు. ముప్పావు గంట పట్టింది.

అంతల మహేష్ ఆటో వచ్చింది. గుట్ట కింద మొదటిల్లు లింగస్వామిదే, అందుకే ముందు ఆడికి వచ్చిండు. మహేష్ ఇద్దరు పిల్లల తండ్రి, టమాటలు మోసేటోడు, ఎదురు మాట తెల్వనోడు.

"మామా, ముసలోళ్లను ఎక్కించుకుంట పోత, నువ్వు గూడ ఎక్కు" అన్నడు.

"జర ఆగు. పరుపు తెస్త."

పరుపు పరిసిండు. పరుపు మీద దుప్పటి. దుప్పటి మీద పడుగు, ఆ చివర నుంచి ఈ చివర దాక, పెండ్లిపిల్లను పండవెట్టినట్టు. దాని మీద ఇంకో దుప్పటి. చిటికి పడుగును మడతపెట్టొద్దు, నలిగితె కట్లు జరిగి ఏనుగుల తలకాయలు పోతయి. ఆటో నిండింది. గోపమ్మ ఒక మూలకు కాలు వెట్టి ఎక్కబోయింది.

"ఏయ్ ఏయ్! కదుల్తది!"

"మరి నేనెట్ల రావాలె?"

"నడువు. కాళ్లున్నయి గద."

గోపమ్మ కాలు దించి మొగని దిక్కు సూసింది. ముప్పై ఏండ్ల సంసారంల గా సూపు ఎన్నడు సూడలేదని ఆయన కొన్నొద్దులకు మహేష్‌తోని అన్నడట. లింగస్వామి ఎనుక తలుపు కాడ మోకాళ్ల మీద కూసొని, రెండు చేతులతోని పడుగు కర్ర పట్టుకున్నడు. ఆటో కదిలింది.

ఇగ నాలుగో ఇల్లు.

నర్సింగమ్మ అరుగు మీద కూసున్నది. మైకుల చెప్పినట్టే. ఉతికిన చీరె గట్టుకున్నది, తలకు నూనె వెట్టుకొని కొప్పేసుకున్నది, సంచి ఒళ్లె ఉన్నది. ఆటో సప్పుడు ఇని మొఖం ఇటు తిప్పింది. బస్సుకు ఎత్తినట్టు చెయ్యి ఎత్తింది.

మహేష్ బ్రేకు మీద కాలేసిండు. "మామా, ఆపుతున్న."

"ఆపకు."

"మామా, పెద్దమ్మ గదా..."

"ఆపకురా! యాడ కూసోవెడ్తవు ఆమెను, పడుగు మీదనా? గీన్ని స్కూలు కాడ దించి మల్ల వద్దం. ఐదు నిమిషాలు."

ఆయన ఆమె దిక్కు సూసిండు. సూడలేదని ఎవలన్న అంటె నేనొప్పుకోను. ఇద్దరి కండ్లు కలిసినయి. ఆటో ముంగటికి పోయింది. నర్సింగమ్మ ఎత్తిన చెయ్యిని జర సేపు అట్లనే ఉంచింది. తర్వాత దించి, సంచి తాడు సక్కగ జేసుకున్నది. గంతే. తిట్టలే, పిలువలే.

నాకెట్ల ఎరుక అంటరా? ఆటో ఎనుక నేనే వస్తున్న. చేతులల్ల చింతకాయ తొక్కు జాడి. గదే నేను తెచ్చుకున్నది. ఇల్లు కాలుతదంటె నాకు గా జాడి ఒక్కటే యాదికొచ్చింది. ఎందుకో నన్నడగొద్దు.

నర్సింగమ్మ నన్ను సూసి, "బిడ్డా, ఆటో నిండిందా?" అన్నది.

"మల్ల వస్తదట పెద్దమ్మా, కూసో" అన్న.

అని ముంగటికి నడిసిన. ఆగలే. ఆగి జాడి కింద వెట్టి ఆమె రెక్క పట్టుకుంటె ఎవలొద్దంటరు? నేను గీ ముచ్చట ఎవలికి చెప్పినా ఇక్కడ జర ఉరికిచ్చి చెప్త. నాలుగడుగులు పోయి ఎనుకకు మర్రి సూసిన, ఆమె ఇంకా రోడ్డు దిక్కే సూస్తాంది, ఆటో వచ్చే దిక్కు.

ఐదు నిమిషాలన్నడు గద. గుట్ట మొదలుకు రోడ్డు మీద ఒక కల్వర్టు ఉంటది. ఆటో దాటి పోయిన జర సేపటికే మంట గాడికి దిగింది. పొగ రోడ్డు మీద గోడ లెక్క నిలవడ్డది. ఫారెస్టోళ్లు అడ్డం నిలవడి ఒక్క బండిని ఎనుకకు పోనియ్యలే. మేమందరం, ఎవలింటి ముసలోళ్లను వాళ్లు మోసుకొని, పొలాలల్ల పడి నడుసుకుంట స్కూలుకు పోయినం. నేను పోయేసరికి లింగస్వామి పడుగును నాలుగు బెంచీలు జోడించి పండవెట్టిండు, ఇగ ఆయన కల్వర్టు కాడ ఫారెస్టోళ్లల్ల ఒకాయిన కాళ్లు పట్టుకుంటాండు, నేను గూడ గాడికి పోయిన.

"పోనియ్యి సారూ, ముసలామె ఉన్నది, అరుగు మీద కూసున్నది, నడవలేదు సారూ."

"ముసలోళ్లను ముందు తెమ్మని చెప్పినం గదా?"

"చెప్పిన్రు సారూ."

"మైకుల గూడ చెప్పిన్రు, నేనే ఇన్న. మరి మొదటి ట్రిప్పుల ఎవల్ని తెచ్చిన్రు?"

మైకు పడితె అర్ధగంట ఆపనోడు, ఫారెస్టాయిన బూట్ల మీది బూడిద చేతితోని తుడువవట్టిండు. ఎనుక నిలవడ్డ మహేష్ తన చెప్పుల దిక్కు సూస్తాండు. నేను జాడి మీద కొంగు గప్పుకున్న.

నర్సింగమ్మను తెచ్చింది గోపమ్మ. "నడువు" అన్నడు గద మొగడు, నడిసింది, అందరికన్న ఆఖరుకు. అరుగు మీద నర్సింగమ్మను సూసింది. ఇంట్లకెల్లి ప్లాస్టిక్ కుర్సీ తీసి, ఆమెను కూసోవెట్టి, చీరెతోని నడుముకు గట్టి, ఇంకో ఇద్దరు ఆడోళ్లను కేకేసి, ముగ్గురు కలిసి పొలం గట్ల మీదికెల్లి మోసుకొచ్చిన్రు. కుర్సీ కాలు ఒకటి తొవ్వల ఇరిగింది. గోపమ్మ గా మూలను తన భుజం మీద వెట్టుకున్నది. గంటన్నర నడిసిన్రు. స్కూలుకు వచ్చేసరికి నలుగురి మొఖాలు మసి, నర్సింగమ్మ నూనె వెట్టిన తలకాయ నిండ బూడిద.

స్కూలు వరండల ఊరంత ఉన్నది. కుర్సీ దించిన్రు. దించింది యాడనో గాదు, గా నాలుగు బెంచీల పక్కనే. నర్సింగమ్మ దుప్పటి దిక్కు సూసింది, ఆయన దిక్కు సూసింది.

"పడుగు కదల్లే గద బిడ్డా?" అన్నది.

ఎక్కిరించింది గాదు. నేను ఎక్కిరింపు ఆమడ దూరం కెల్లి గుర్తువడ్త. ఆమె నిజంగనే అడిగింది. లింగస్వామి బెంచీల అవతలికి పోయి, గోడకు మొఖం వెట్టి నిలవడ్డడు. గోపమ్మ నీళ్లు తెచ్చి పెద్దమ్మ కాళ్లు కడిగింది, మొగని దిక్కు మర్రి గూడ సూడలే.

నాలుగు గంటలకు గాలి మళ్లింది. ట్రాక్టర్లతోని దున్నిన సాలు కాడ, పచ్చి కొమ్మలతోని కొట్టంగ కొట్టంగ మంట సల్లారింది. మూడు గడ్డివాములు, ఒక మేకల దొడ్డి, మా బర్రె తోక కుచ్చు, గివే పోయినయి. ఒక్క ఇల్లు కాలలే. లింగస్వామి అర్ర తలుపు తీస్తె మగ్గం గుంత ఎట్లున్నది అట్లనే ఉన్నది. పొద్దున తాగి వెట్టిన చాయ గ్లాసు గూడ గడప కాడ అట్లనే ఉన్నది. పడుగు ఈడనే ఇడిసి పోతె గూడ దానికి మసి అంటకపోవు.

పడుగు మల్ల ఎక్కించిండు. ఒక్క దారం కదల్లే. సగం చీరె పూర్తి జేసిండు. ఏనుగులు సక్కగనే వచ్చినయి.

రెండో చీరెకు పేక లేదు. ఆసు పొయ్యాలె. ఆసు పోసేది నర్సింగమ్మ.

ఇగ చూడు ఆయన తిప్పలు. గామె అరుగు ముంగటి బజారు ఇడిసి, మోరి పక్క సందుల కెల్లి చుట్టు తిరిగి పోవుడు మొదలువెట్టిండు. చాయ హోటల్ కాడికి పోతె, "లింగన్నా, బెంచి మీద దుప్పటి పరువాల్నా, నీ గ్లాసు పండుకుంటదా?" అని ఒకడు. పంచాయతోళ్లు మైకుల నల్ల ముచ్చట చెప్పమంటె, గొంతు పోయిందన్నడు. ఇప్పుడు మైకుల ఇంకోడు చెప్తాండు, రెండే ముక్కలల్ల చెప్పి దిగుతడు. ఎంత సప్పగున్నదో ఊరు. గోపమ్మ అన్నం పెడ్తది, కండెలకు దారం చుడ్తది, మాట మాత్రం పెట్టది.

ఒక దినం ఆయన తలుపు ఏసుకొని తానే ఆసు పొయ్యవట్టిండు. ఆసు ఆడోళ్ల పని, మొగోడు పోస్తె నవ్వుతరు, అందుకే తలుపు. కిటికీకి పొక్క ఉండె, నేనేం జెయ్యాలె. ఒక పూట తిప్పిండు. సాయంత్రానికి రెక్క లేవలే. పల్లెంల అన్నం ముద్ద నోటి దాక రాలే. తెల్లారి డాక్టర్ కాడికి పోయి "నిచ్చెన మీదికెల్లి పడ్డ" అని చెప్పిండట. డాక్టర్ సూదేసి, "ఏ నిచ్చెన మీదికెల్లి పడితె ఒక్క భుజం గిట్ల వాస్తది?" అన్నడట. ఆయన పోసిన దారం ఒక కాడ బిగువు, ఒక కాడ ఒదులు. ఇప్పి పక్కకు వెట్టిండు. గా దినం కెల్లి, ఆగిన మగ్గం ముంగట కూసొని తన భుజం తాను పిసుక్కునుడే. గా చెయ్యి అరవై ఏండ్లు ఎట్ల తిరిగిందో అప్పుడు ఎరుకైందేమో. నేనైతె గట్లనే అనుకున్న, పొక్కలకెల్లి సూసుకుంట.

ఇరవై దినాలకు, మిట్టమధ్యాన్నం, బజారుల కుక్క గూడ లేని యాల్ల సూసుకొని, దారం సంచి సంకలో వెట్టుకొని నర్సింగమ్మ ఇంటికి వచ్చిండు. బజారుల ఎవ్వలు లేరు గని అరుగు మీద నేనున్న, చింతపండు గింజ తీసుకుంట. నన్ను సూసి ఎనుకకు మర్రబోయిండు.

"ఎవలు? లింగమా? ఎండల నిలవడ్డవేంది బిడ్డా, నీడకు రా" అన్నది నర్సింగమ్మ.

వచ్చిండు. కూసోలే. సంచి రెండు చేతులతోని పట్టుకొని నిలవడ్డడు, బడిల గుంజీలు తీపిచ్చే ముందు నిలవడ్డట్టు.

"దారం తెచ్చినవా? ఇటియ్యి."

ఇచ్చిండు. ఆమె దారాన్ని బొటనేలు మీద ఏసి సూసింది. "సన్నగనే ఉందిరా. రెండో చీరెకా? రెండు దినాలల్ల పోసిస్త." అని ఆసు ముంగట జరిగి, గుబ్బకు దారం ముడేసి, చెయ్యి తిప్పుడు మొదలువెట్టింది. గంతే. గా దినం మాట ఎత్తలే, ఒక్క ముక్క ఎత్తలే. ఇగ ఆయన పోవచ్చు. పోలే. ఆమె చెయ్యి ఇటుకెల్లి అటు పోతాంది, అటుకెల్లి ఇటు వస్తాంది, ఆయన గా చెయ్యినే సూసుకుంట నిలవడ్డడు. నేను గూడ నోరు మూసుకున్న. పుట్టినంక నేను గంతసేపు నోరు మూసుకున్నది గదే.

"పెద్దమ్మా" అన్నడు ఆఖరికి.

"ఊఁ."

"గా దినం ఆటోల... నేను లేను."

ఆమె చెయ్యి ఆగలే. "లేవా బిడ్డా?"

"లేను. మహేష్ ఒక్కడే పోయిండు. నేను పొలాల కెల్లి నడిసొచ్చిన."

నాకు ఆగలే. "మరి మోకాళ్ల మీద కూసొని కర్ర పట్టుకున్నది ఎవలు లింగన్నా?"

"నువ్వు నోర్మూయి వదినే! పొగల ఎవలు ఎవలో నీకెట్ల ఎరుక?"

"గప్పటికి పొగ యాడ వచ్చింది?"

"వచ్చింది! నీకు కనవడలే. నువ్వు తొక్కు జాడి పట్టుకొని ఉరుకుతున్నవు."

దెబ్బ తగలాల్సిన కాడనే తగిలింది. నేను గింజల దిక్కు సూసుకున్న. నర్సింగమ్మ దారం తిప్పుకుంట నెమ్మదిగ అన్నది, "నేను చెయ్యెత్తినప్పుడు నువ్వు నన్ను సూసినవనే అనుకున్న బిడ్డా. నా కండ్లు సక్కగ కనవడయి, ఇంకెవలనో సూసి నువ్వనుకున్ననేమో."

గా మాటతోని ఆయన మొఖం సూడాలె. సూడొద్దు అసలు. నేను సూసిన. కాళ్ల మీద వడ్తడనుకున్న. ఒక్క అడుగు ముంగటికేసిండు గూడ. వాచిన రెక్కను రెండో చేతితోని పట్టుకున్నడు.

"సూడలే పెద్దమ్మా. నేను సూడలే. అసలు నేను మైకుల ఆటో వస్తదని చెప్పనే లే, గది ఇంకెవలో చెప్పిన్రు. పడుగు నేను తియ్యనే లే. మగ్గం మీది పడుగును ఎవలన్న తీస్తరా, నువ్వే చెప్పు? మగ్గం మీదనే ఉండె. గీ వదినె చెప్పేటియన్ని ఉత్తయి, ఈమె నోరు నీకెరుకే. బెంచీలు గూడ ఉత్తయే. మంట గూడ గంత పెద్దది గాదు. నేను ఆటో ఎక్కలే, నీ ఇంటి ముంగటికెల్లి పోలే. యాదగిరిగుట్టకు పోయిన గా దినం, పొద్దుగాల మొదటి బస్సుకు. కావాలంటె ఎవల్నన్న అడుగు. నేను ఊర్లెనే లేను పెద్దమ్మా. గా దినం నేను ఊర్లెనే లేను."